ఫ్లూ టీకా ఎక్కడ వేయించుకోవాలి: ఫార్మసీలోనా, డాక్టర్ దగ్గరా, ఆఫీసు క్యాంపులోనా?

ఫ్లూ టీకా వేయించుకుందామని అనుకున్నాక కూడా చాలామంది ఒక చోట ఆగిపోతారు. ఎక్కడ వేయించుకోవాలి? డాక్టర్ అపాయింట్‌మెంట్ చూస్తే రెండు వారాల తర్వాతే ఖాళీ ఉంటుంది. దారిలో ఫార్మసీ ముందు 'ఇక్కడ ఫ్లూ టీకా వేయబడును' అని బోర్డు కనిపిస్తుంది. మందులు అమ్మేవాళ్ళు సూది వేయడమేంటని ఒక అనుమానం. ఈలోపు వచ్చే నెల ఆఫీసులో క్యాంపు పెడుతున్నారని మెయిల్ వస్తుంది. అదీ ఇదీ ఆలోచిస్తుండగానే చుట్టూ దగ్గులు మొదలవుతాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పెద్ద జబ్బులేవీ లేని పెద్దవాళ్ళకు ఫార్మసీ చాలు. అక్కడ ముందుగా దొరుకుతుంటే డాక్టర్ కోసం ఆగడం వల్ల ఒరిగేదేమీ లేదు. అయితే కొందరు మాత్రం తప్పకుండా డాక్టర్ దగ్గరికే వెళ్ళాలి. మీరు ఆ కొందరిలో ఉన్నారో లేదో తేల్చుకోవడానికే ఈ పోలిక.

ఒక మాట. ఫార్మసిస్టులు టీకా వేసే అనుమతి అన్ని దేశాల్లోనూ లేదు. ఉన్నచోట మాత్రం ఇది నిన్నమొన్నటి ప్రయోగం కాదు. అమెరికాలో 1990లలోనే ఫార్మసిస్టులకు టీకా శిక్షణ మొదలైంది. 2009 నాటికి మొత్తం 50 రాష్ట్రాలూ అనుమతి ఇచ్చాయి. ఐర్లండ్‌లో 2011 నుంచి ఫార్మసీల్లో ఫ్లూ టీకా వేస్తున్నారు. ఇంగ్లండ్‌లో 2015లో అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ దీన్ని జాతీయ సేవగా మొదలుపెట్టింది. ఫ్రాన్స్ 2017లో రెండు ప్రాంతాల్లో పరీక్షించి చూసి, 2019లో దేశమంతా విస్తరించింది. మీరుండే చోట ఫార్మసిస్టుకు ఆ అనుమతి లేకపోతే, కింద ఫార్మసీ గురించి రాసింది వదిలేసి మిగతాది చదవండి.

ముందు ఏం చూసుకోవాలి

దూరం, ఖర్చు, సెలవు దొరకడం లాంటివి ఎవరి లెక్క వాళ్ళకు తెలుసు. వాటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మీకు సరిపడే టీకా అక్కడ ఉందా?

ఫ్లూ టీకా అంటే ఒకటే రకం కాదు. మామూలు డోసు ఉంది. వయసు పైబడినవాళ్ళ కోసం ఎక్కువ మోతాదుతో చేసింది ఉంది. శరీరం స్పందన పెంచే పదార్థం కలిపింది, గుడ్లలో కాకుండా కణాల్లో పెంచిన వైరస్‌తో చేసింది, ముక్కులో కొట్టే స్ప్రే కూడా ఉన్నాయి. మామూలు డోసులో ఒక్కో వైరస్ రకానికి 15 మైక్రోగ్రాముల యాంటిజెన్ (శరీరం గుర్తుపట్టి స్పందించే వైరస్ భాగం) ఉంటే, ఎక్కువ మోతాదు దాంట్లో 60 ఉంటుంది. ఈ తేడా కాగితం మీద తేడా మాత్రమే కాదు. 65 దాటిన దాదాపు 32,000 మందితో చేసిన ఒక ప్రయోగం ఫలితాలు 2014లో వచ్చాయి. ఎక్కువ మోతాదు తీసుకున్నవాళ్ళలో ఫ్లూ కేసులు మామూలు డోసు వాళ్ళకంటే 24 శాతం తక్కువగా కనిపించాయి. అందుకే అమ్మకో నాన్నకో టీకా వేయించాలంటే, ఏ చోటు దగ్గర అనే దానికంటే ఎక్కడ ఏ టీకా ఉంది అన్నదే ముఖ్యం.

అలాగని పట్టించుకోనక్కర్లేని తేడా కూడా ఒకటుంది. 'మా దగ్గర నాలుగు రకాల ఫ్లూ వైరస్‌లకు పనిచేసే టీకా ఉంది, పక్కన మూడు రకాలకు పనిచేసేదే' అని ఎవరైనా చెబితే దానికోసం పరుగులు పెట్టకండి. నాలుగో రకంగా చేర్చిన బి/యమగాటా వైరస్ 2020 మార్చి తర్వాత ఎక్కడా నిర్ధారణగా కనిపించలేదు. దాన్ని తీసేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. అమెరికాలో 2024-25 సీజన్ నుంచి అన్నీ మూడు రకాలవే.

తర్వాతిది సమయం. టీకా వేసిన రోజే రక్షణ రాదు, యాంటీబాడీలు తయారవడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. మరీ ముందుగా వేయించుకుంటే సీజన్ చివరికి రక్షణ తగ్గిపోవచ్చు. ఉత్తరార్ధగోళంలోని చలి దేశాల్లో సెప్టెంబర్, అక్టోబర్ నెలలు అనుకూలం. దక్షిణార్ధగోళంలో ఏప్రిల్, మే. ఆ కాలంలో మీకు ఖాళీ స్లాట్ ఎక్కడ దొరుకుతుందో, ఆ చోటుకు అదొక మార్కు.

మూడోది, సూది వేసేవాళ్ళకు మీ చరిత్ర ఎంత తెలుసు. నాలుగోది, వేశాక ఏదైనా తేడా వస్తే చూసుకునే ఏర్పాటు ఉందా. ఐదోది, వేసిన వివరం ఎక్కడ నమోదవుతుంది. ఈ మూడింటి గురించి ఒక్కో చోటుతో కలిపి చెబుతాను.

ఫార్మసీ

దీని అతిపెద్ద బలం వీలు. సాయంత్రం పనయ్యాక వెళ్ళొచ్చు, శని ఆదివారాల్లో వెళ్ళొచ్చు, చాలాచోట్ల అపాయింట్‌మెంట్ కూడా అక్కర్లేదు. ఏటా తప్పకుండా వేయించుకోవాల్సిన టీకా విషయంలో ఇది చిన్న సంగతి కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్ళడానికి అరపూట సెలవు పెట్టాల్సి వస్తే, జబ్బు లేని మనిషి ఆ సెలవు పెట్టడు.

నైపుణ్యం మీద అనుమానం ఉంటే దాన్ని పక్కన పెట్టొచ్చు. కౌంటర్ వెనక ఉన్న ప్రతివాళ్ళూ సూది పట్టుకోరు. టీకా శిక్షణ పూర్తి చేసి, స్పృహ తప్పినా తీవ్రమైన ఎలర్జీ వచ్చినా ఏం చేయాలో నేర్చుకున్నవాళ్ళే వేస్తారు. పైగా సీజన్‌లో ఒక ఫార్మసిస్టు రోజంతా అదే పని చేస్తుంటాడు, చేయి బాగా తిరుగుతుంది. ఫ్లూ సూది వేయడం కష్టమైన పని కూడా కాదు. అర మిల్లీలీటర్ మందు, జబ్బ కండలోకి, కొన్ని సెకన్లు.

ఇంకో లాభం గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. మీరు ఎప్పుడూ మందులు కొనే ఫార్మసీ అయితే మీరు వాడే మందుల జాబితా వాళ్ళ దగ్గర ఉంటుంది. రక్తం పలచబడే మందు వాడుతున్నారని గుర్తించి, సన్నటి సూది వాడి, వేసిన చోట రుద్దకుండా రెండు నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకోమని చెప్పేవాళ్ళు వాళ్ళే కావచ్చు. కొత్త ఫార్మసీకి వెళితే మాత్రం ఆ జాబితా మీరే చెప్పాలి. 'బీపీకి ఏదో తెల్ల మాత్ర' అంటే కుదరదు, పేర్లు చెప్పాలి.

ఇక లోపాలు. వాళ్ళకు కనిపించేది మీ మందుల జాబితా, మీ కేస్ షీట్ కాదు. పదేళ్ళ కిందట ఏదో టీకా వేశాక ఏమైందో, రక్త పరీక్షలో ఏం వచ్చిందో వాళ్ళకు తెలియదు. ఫారంలో మీరు టిక్కు పెట్టినదే వాళ్ళకు ఆధారం, కాబట్టి ఆ ఫారం చదవకుండా అన్నింటికీ 'లేదు' అని టిక్కు పెట్టేయకండి. వయసు పరిమితి కూడా చాలాచోట్ల ఉంటుంది, చిన్నపిల్లలకు వేయరు. రద్దీ వేళల్లో ఒక్క ఫార్మసిస్టే చీటీలూ చూసుకుంటూ టీకాలూ వేస్తుంటే హడావుడి ఉంటుంది. వారం మధ్యలో పొద్దున పూట వెళితే నింపాదిగా మాట్లాడతారు. తలుపు ఉన్న చిన్న గది ఉందో లేదో కూడా చూసుకోండి. మందుల అరల మధ్య కర్టెన్ వెనక భుజం దాకా చొక్కా తీయడం అందరికీ సౌకర్యంగా ఉండదు.

చొక్కా మాట వచ్చింది కాబట్టి ఒక జాగ్రత్త, ఇది ఏ చోటికైనా వర్తిస్తుంది. బిగుతు చేతుల చొక్కాను సగం పైకి లాగి ఇరుకులో వేయిస్తే, సూది ఉండాల్సిన చోటు కంటే పైన, భుజం కీలులోకి దిగే ప్రమాదం ఉంది. దాంతో చేయి ఎత్తలేనంత నొప్పి నెలల తరబడి ఉన్నవాళ్ళున్నారు. ఇది అరుదే. అయినా వదులు చేతుల చొక్కా వేసుకుని, కుర్చీలో కూర్చుని, భుజం పూర్తిగా కనిపించేలా ఉంచితే చాలావరకు తప్పించవచ్చు. వేసేవాళ్ళు కూడా కూర్చుని వేస్తే ఇంకా మంచిది. ఒకటి రెండు రోజుల మామూలు నొప్పి పోయాక కూడా చేయి పైకి లేవకపోతే డాక్టర్‌కు చూపించాలి.

డాక్టర్ క్లినిక్

ఇక్కడ మీ కేస్ షీట్ తెరిచి ఉంటుంది. టీకా వేసేది చాలాసార్లు నర్సే అయినా, ప్రశ్న వస్తే పక్క గదిలో డాక్టర్ ఉంటారు. ఆస్తమా మందు మార్చడం, షుగర్ చూడటం, న్యుమోనియా టీకా బాకీ ఉందేమో చూసుకోవడం ఒకే రాకలో అయిపోతాయి. ఎలాగూ చెకప్‌కు వెళ్ళే తేదీ సీజన్ ముందే ఉంటే ఫార్మసీ దాకా వెళ్ళడం అనవసరం.

చిక్కు ఏమిటంటే అపాయింట్‌మెంట్. రెండోది, వెయిటింగ్ హాలు. ఫ్లూ మొదలైపోయాక జ్వరాలతో వచ్చినవాళ్ళ మధ్య గంటసేపు కూర్చోవాల్సి రావచ్చు. మూడోది స్టాక్. చిన్న క్లినిక్‌లు పరిమితంగా తెప్పించుకుంటాయి, ఎక్కువ మోతాదు టీకా అక్కడ ఉంటుందని అనుకోవడానికి లేదు. ఫోన్ చేసి కనుక్కోకుండా పెద్దవాళ్ళను తీసుకెళ్ళకండి.

కొన్నిచోట్ల టీకా మందుల షాపులో కొని, డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్ళి వేయించుకునే పద్ధతి ఉంది. నాకు అన్నింటిలోకీ నచ్చనిది ఇదే. ఫ్లూ టీకాను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. వేడి తగిలినా చెడుతుంది, గడ్డకట్టినా పనికిరాదు. ఎండలో బైకు డిక్కీలో పెట్టినా, మంచిపని అనుకుని ఐసు ముక్కల మధ్య కుక్కినా పాడైపోవచ్చు. పైకి చూస్తే తేడా కూడా తెలియదు. వేరే దారి లేకపోతే, క్లినిక్‌కు దగ్గరి షాపులో కొని, షాపువాళ్ళిచ్చిన చల్లటి పెట్టెలో, ఐసు ప్యాక్ నేరుగా తగలకుండా పెట్టించుకుని తిన్నగా క్లినిక్‌కే వెళ్ళండి. ముందే కొని ఇంట్లో ఫ్రిజ్ తలుపులో దాచుకోవద్దు. ఎక్కడ నిల్వ ఉందో అక్కడే వేయించుకోవడం అన్నింటికంటే మేలు.

ఆఫీసు క్యాంపు

లేచి పక్క గదికి వెళ్ళి వచ్చేయొచ్చు. సాధారణంగా మామూలు డోసే తెస్తారు, అది 50 లోపు ఆరోగ్యవంతులకు సరిపోతుంది. ఇబ్బందులు రెండు. ఒకటి, తేదీ వాళ్ళది. ఆ రోజు మీకు జ్వరం ఉంటే అవకాశం పోతుంది. రెండోది, నమోదు. క్యాంపులో ఇచ్చిన కాగితం మీ డాక్టర్ ఫైల్లోకి దానంతట అది చేరదు. ఫోటో తీసి పెట్టుకోండి, దాంట్లో టీకా పేరు, బ్యాచ్ నంబరు, తేదీ ఉండాలి. సహోద్యోగుల ముందు ఆరోగ్య ప్రశ్నలకు జవాబు చెప్పడం ఇష్టం లేనివాళ్ళు, ముఖ్యంగా ఇంకా ఎవరికీ చెప్పని గర్భిణులు, ఈ దారి వదిలేయడమే నయం.

ఆసుపత్రి

వేరే పనిమీద ఎలాగూ వెళుతుంటే తప్ప, ఒక్క ఫ్లూ టీకా కోసం మామూలు మనిషి ఆసుపత్రికి వెళ్ళనక్కర్లేదు. గతంలో టీకాకు తీవ్రమైన ఎలర్జీ వచ్చినవాళ్ళు మాత్రం ముందు డాక్టర్‌తో మాట్లాడాలి, వేయించుకోమంటే ఇదే చోటు.

ముక్కు స్ప్రే

సూది అంటే వణికిపోయేవాళ్ళకు ఇదొక దారి. అమెరికాలో 2 నుంచి 49 ఏళ్ళ వాళ్ళకు అనుమతి ఉంది. 2024 సెప్టెంబర్‌లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని ఇంట్లోనే తీసుకోవడానికి కూడా ఒప్పుకుంది. 18 నుంచి 49 ఏళ్ళ వాళ్ళు తమకు తామే కొట్టుకోవచ్చు, పిల్లలకైతే పెద్దవాళ్ళు కొట్టాలి. కానీ ఇందులో ఉండేది బలహీనపరిచిన బతికున్న వైరస్. గర్భిణులకు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళకు ఇది కుదరదు. ఫార్మసీలో ఇది అడిగేముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఒక చూపులో

| చూడాల్సింది | ఫార్మసీ | డాక్టర్ క్లినిక్ | ఆఫీసు క్యాంపు | ఆసుపత్రి |
|---|---|---|---|---|
| ఎంత త్వరగా దొరుకుతుంది | చాలాసార్లు అదే రోజు | అపాయింట్‌మెంట్‌ను బట్టి | ఒక్క తేదీ మాత్రమే | ఆలస్యం |
| వయసుకు తగిన టీకా | రకాలు ఎక్కువ ఉండే అవకాశం | ముందు అడగాలి | సాధారణంగా మామూలు డోసే | ముందు అడగాలి |
| మీ చరిత్ర తెలియడం | మందుల వరకు | పూర్తిగా | మీరు చెప్పినంత | ఫైలు అక్కడ ఉంటే పూర్తిగా |
| ఎలర్జీ వస్తే | ప్రాథమిక చికిత్స, తర్వాత అంబులెన్స్ | డాక్టర్ పక్కనే | ప్రాథమిక చికిత్స, తర్వాత అంబులెన్స్ | అన్నీ అక్కడే |
| నమోదు | డాక్టర్‌కు పంపుతారేమో అడగాలి | అక్కడే | మీరే దాచుకోవాలి | అక్కడి ఫైల్లో |
| చిన్నపిల్లలు | చాలాచోట్ల వేయరు | వేస్తారు | లేదు | వేస్తారు |

ఎలర్జీ వరుస చూసి టెన్షన్ పడకండి. ప్రాణం మీదకు వచ్చే ఎలర్జీ పది లక్షల టీకాల్లో ఒకరిద్దరికి వస్తుంది, అదీ ఎక్కువగా మొదటి నిమిషాల్లోనే. దానికి మొదటి మందు అడ్రినలిన్, తొడ కండలోకి ఇచ్చే సూది. టీకా వేసే ప్రతిచోటా అది చేతికందేలా ఉండాలి. దీనికంటే తరచుగా జరిగేది కళ్ళు తిరిగి పడిపోవడం. అది టీకా మందు వల్ల కాదు, సూది భయం వల్ల. టీనేజీ పిల్లల్లో ఎక్కువ. అందుకే వేశాక పావుగంట కూర్చోమంటారు. నిలబెట్టి సూది వేసి 'ఇక వెళ్ళొచ్చు' అనే చోటు ఏదైనా సరే, నేనైతే దాన్ని జాబితాలోంచి తీసేస్తాను.

ఎవరికి ఏది

*50 లోపు, జబ్బులేవీ లేవు.* ఫార్మసీ, క్యాంపుల్లో ఏది ముందు దొరికితే అది. ఇంకా ఆలోచించనక్కర్లేదు.

*65 దాటినవాళ్ళు.* ఎక్కువ మోతాదు గానీ స్పందన పెంచే పదార్థం కలిపింది గానీ ఎక్కడ ఉందో ఫోన్ చేసి అడగండి. అది చాలాసార్లు పెద్ద ఫార్మసీల్లో దొరుకుతుంది. ఎక్కడా లేదంటే దానికోసం నెలలు ఆగొద్దు, మామూలు డోసు వేయించేయండి. అసలు వేయించుకోకపోవడం కంటే అది ఎంతో నయం.

*గర్భిణులు.* సూదితో వేసే టీకా ఏ నెలలోనైనా వేయించుకోవచ్చు. పుట్టాక మొదటి ఆరు నెలలు బిడ్డకు ఫ్లూ టీకా వేయరు, ఆ కాలంలో తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలే అండ. ఎక్కడ అంటే, నెలనెలా చూపించుకునే చోట వేస్తుంటే అక్కడే మంచిది, రికార్డు ఒకచోట ఉంటుంది. అక్కడ లేకపోతే ఫార్మసీకి వెళ్ళడానికి సందేహించనక్కర్లేదు.

*చిన్నపిల్లలు.* పిల్లల డాక్టర్ దగ్గరే. మొదటిసారి వేయించుకునే పిల్లలకు, 9 ఏళ్ళ లోపువాళ్ళైతే, అమెరికాలోనూ ఇంకా చాలా దేశాల్లోనూ రెండు డోసులు సిఫారసు చేస్తారు, మధ్యలో కనీసం నాలుగు వారాలు ఉండాలి. రెండో డోసు గుర్తుచేసే వ్యవస్థ డాక్టర్ దగ్గర ఉంటుంది. మొదటి రోజే రెండో తేదీ కూడా బుక్ చేసుకోండి.

*కీమో తీసుకుంటున్నవాళ్ళు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్ళు.* ఇక్కడ ప్రశ్న ఎక్కడ అన్నది కాదు, ఎప్పుడు అన్నది. కీమో రౌండ్ల మధ్య ఏ వారంలో వేయాలి, రోగనిరోధక శక్తిని తగ్గించే రిటుక్సిమాబ్ మందు వేసి ఎన్నాళ్ళైంది లాంటివాటి మీద టీకా ఎంత పనిచేస్తుందన్నది ఆధారపడి ఉంటుంది. మెథోట్రెక్సేట్ వాడే కీళ్ళవాతం రోగులకు, జబ్బు అదుపులో ఉంటే, టీకా తర్వాత రెండు వారాలు ఆ మందు ఆపమని 2022 నాటి అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ మార్గదర్శకాలు సూచిస్తాయి. ఆ నిర్ణయం మీ డాక్టర్‌ది, మీది కాదు, ఫార్మసిస్టుది కూడా కాదు. డాక్టర్‌కు ఒక ఫోన్ చేసి తేదీ ఖాయం చేసుకున్నాక, సూది మాత్రం ఫార్మసీలో వేయించుకున్నా తప్పులేదు.

*గతంలో ఇబ్బంది పడ్డవాళ్ళు.* ఫ్లూ టీకాకే తీవ్రమైన ఎలర్జీ వచ్చి ఉంటే, లేదా టీకా వేసిన ఆరు వారాల్లోపు గిలాన్ బారే సిండ్రోమ్ (నరాలు దెబ్బతిని కాళ్ళూ చేతులూ బలహీనపడే అరుదైన జబ్బు) వచ్చి ఉంటే, డాక్టర్‌తో మాట్లాడకుండా ఎక్కడా వేయించుకోకండి. కోడిగుడ్డు పడనివాళ్ళను మాత్రం ఒకప్పటిలా వెనక్కి పంపక్కర్లేదు. ఏ టీకాకైనా తీసుకునే మామూలు జాగ్రత్తలే చాలని అమెరికా 2023-24 సీజన్ నుంచి చెబుతోంది. ఈ విషయంలో ఒక్కో దేశం నియమం ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఫారంలో ఎలర్జీ సంగతి రాయడం మానకండి.

వెళ్ళేముందు ఫోన్‌లో అడగాల్సినవి

నా వయసుకు తగిన టీకా స్టాక్ ఉందా? ఏ వయసు నుంచి వేస్తారు? విడిగా గది ఉందా? వేశాక కూర్చోవడానికి చోటుందా? వివరాలు మా డాక్టర్‌కు మీరే పంపుతారా, లేక నేను ఇవ్వాలా? ఈ ఐదూ రెండు నిమిషాల్లో అయిపోతాయి. 'వచ్చాక చూద్దాం లెండి' అని దాటేస్తే ఇంకో చోటికి ఫోన్ చేయండి.

వెళ్ళే రోజు ఒంట్లో మామూలు జలుబు ఉంటే పర్వాలేదు. జ్వరంతో నలతగా ఉంటే మాత్రం తగ్గేదాకా ఆగండి. కోవిడ్ టీకా కూడా బాకీ ఉంటే రెండూ ఒకే రోజు వేయించుకోవచ్చు, చెరో చేతికి వేయమని అడగండి.

సీజన్ సగం గడిచిపోయింది, ఇప్పుడు ఎందుకు అనుకునేవాళ్ళకు పైన చెప్పిన పోలికలో చాలా భాగం అక్కర్లేదు. ప్రత్యేక జబ్బులు లేకపోతే ఈ వారంలో ఎక్కడ దొరికితే అక్కడ వేయించుకోండి. ఈ ఏడాది ఇప్పటికే ఒకసారి ఫ్లూ వచ్చి తగ్గినవాళ్ళూ వేయించుకోవచ్చు. మీకు వచ్చింది ఒక రకం వైరస్, టీకాలో ఉన్నవి మూడు.